ఇంటి పక్క చదువు

మరిగే నీళ్లలో జొన్నపిండి పోసి కలుపుతుంటే వెనక నుంచి అత్త లక్ష్మీకాంతమ్మ అడిగింది, "మీ బడి పోరగాండ్లు ఎంతమంది ఒస్తున్నరే?" బడి కాదు, యూనివర్సిటీ అని రెండు నెలలుగా చెప్పి చెప్పి స్వరూపకు నోరు నొప్పి పుట్టింది. "క్లాసు మొత్తం ఒస్తది అత్తమ్మా, సారు గూడ" అంది. "గింత పిండి యాడ సరిపోతది? ఇంకింత కలుపు" అని చెప్పి ఆవిడ వసారాలో మంచం మీదికి వెళ్లి కూర్చుంది. సలహా ఇవ్వడం వరకే ఆవిడ పని. కలపడం ఎప్పుడూ స్వరూపదే.

శామీర్‌పేట దాటాక, కరీంనగర్ రోడ్డు మీద బస్సు దిగి ఆటోలో ఎగిరెగిరి పడుతూ పోయేచోట, పొలాల మధ్య, స్వరూప వాళ్ల ఊరి పక్కనే, యూనివర్సిటీవాళ్ల కొత్త పీజీ సెంటర్ ఒకటి వెలిసింది. అందులో గ్రామీణాభివృద్ధి ఎం.ఏ.కి స్వరూపకు సీటు వచ్చింది. ముప్పై నిండాక, పెళ్లయిన ఎనిమిదేళ్లకు, దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసి తెచ్చుకున్న సీటు. ఇంట్లో ఎవరూ వద్దనలేదు, అది నిజం. మొగుడు నరసింహ ప్లాట్ల వ్యాపారం చేస్తాడు, ఊరి రాజకీయాల్లో తిరుగుతాడు. "ఈసారి సర్పంచి లేడీస్ రిజర్వేషన్ అయితదంటున్నరు. నీ పేరు ఎనక ఎం.ఏ. అని పోస్టర్ల ఏపిస్త, మస్తుంటది" అన్నాడు. అత్త, "పిల్లాజెల్లా లేకపాయె, పోనీయి, పొద్దుపోతది. పని జేసి పోవాలె గని" అంది. అలా అందరూ అనుమతి ఇచ్చారు. టైము మాత్రం ఎవరూ ఇవ్వలేదు. బర్రెల దగ్గర, పొయ్యి దగ్గర, నరసింహతో ప్లాట్లు చూడ్డానికి వచ్చేవాళ్ల చాయ్ దగ్గర తెల్లారి ఎండెక్కేది. ఆమె క్లాసుకు చేరేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. "హాస్టల్ పిల్లలు టైముకి వస్తున్నారు, పక్కనే ఇల్లున్న మీకు ఏం వచ్చిందమ్మా? ఇలాగైతే హాజరు చాలదు, పరీక్ష రాయనివ్వరు" అని వీరభద్రం సారు అందరి ముందూ అన్నాడు. బర్రె ఇవాళ పాలు ఎగబెట్టింది సార్ అని చెబుతుందా?

హాస్టల్ పిల్లల కష్టాలు వాళ్లవి. చుట్టూ పొలాలు, రాత్రయితే నక్కల కూతలు, ఉప్పునీళ్లు, ఉడకని అన్నం. మొదటి వారమంతా అందరి కళ్లూ వాచి ఉన్నాయి. సిటీలో యాప్రాల్ కాలనీ నుంచి వచ్చిన హర్షితకు అమ్మని వదిలి ఉండటం పుట్టి బుద్ధెరిగి ఇదే మొదలట, స్వరూప భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. స్వరూప వీపు నిమిరింది. మర్నాడు గిన్నె నిండా పప్పు, దోసకాయ పచ్చడి తెచ్చి పెట్టింది. ఆ తర్వాత రోజూ తెచ్చింది. ఆ గిన్నెతోనే ఆమె "ఆంటీ" అయిపోయింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆంటీ చుట్టూ మూగేవాళ్లు, తర్వాత గుంపుగా లేచి వెళ్లి కలిసి చదువుకునేవాళ్లు. కొత్తవాళ్లకు స్వాగతం చెప్పే రోజున సీనియర్లు పిల్లలందరినీ స్టేజీ మీదికి పిలిచి, పువ్వు చేతికిచ్చి, పాట పాడించి ఏడిపించారు. హర్షిత పరిగెత్తుకుంటూ వచ్చి, "ఆంటీ, మా బ్యాగులు కాస్త చూస్తుంటారా?" అంది. స్వరూప బ్యాగుల మధ్య కూర్చుని చప్పట్లు కొట్టింది. తను కూడా కొత్తగా వచ్చిన పిల్లే కదా! ఆ పువ్వు కోసం, ఆ వెక్కిరింపు కోసం తన మనసు అంతగా పీకినందుకు ఆమెకే సిగ్గేసింది. అన్నం పెట్టే మనిషిగా కాదు, క్లాసులో ఒకతెగా ఎవరో ఒకరు తనని చూడాలి. ఆమెకు కావలసింది అంతే.

అందుకే, మొదటి ఫీల్డ్ విజిట్ స్వరూపగారి ఇంట్లో చేద్దామని సారు అన్నప్పుడు పొంగిపోయింది. వాళ్లతో పాటు తనూ తిరుగుతుంది, తనూ రాసుకుంటుంది. ఆ సంబరంలో, "భోజనాలు గూడ మా ఇంట్లనే సార్" అని తన నోటితో తనే అనేసింది. ఇంటికి మనుషులొస్తున్నారంటే అన్నం మాట ముందు రావడం ఆ ఇంటి కోడలికి ఊపిరంత అలవాటు. విజిట్ అంశం: గ్రామీణ స్త్రీల శ్రమ.

వాళ్లు వచ్చారు. వసారాలో చాపల మీద కూర్చున్నారు. స్వరూప పొయ్యి ముందు రొట్టెలు కొడుతోంది. కిటికీలోంచి మాటలు వినపడుతున్నాయి. "మీ ఇంట్లో ఆడవాళ్లు ఏమేం పనులు చేస్తారండీ?" హర్షిత గొంతు. నరసింహ నవ్వాడు. "మా ఆడోళ్లకు పనేముంటదమ్మా? పొలం కౌలుకిచ్చినం. ఇంట్ల ఖాళీగనే ఉంటరు." అత్త అందుకుంది, "మా కోడలిని మహారాణి లెక్క సూసుకుంటం బిడ్డా. గందుకే సదువుకు తోలినం." రాసుకోండి, అన్నాడు సారు. స్వరూప చేతిలో రొట్టె పెనం మీద పడేలోపే విరిగింది.

హర్షిత వంటింట్లోకి వచ్చింది. "ఆంటీ, రొట్టెలు సూపర్. ఇంకో రెండు ఉన్నాయా?"

"హర్షితా, నేను గూడ రాయాలె గద. జెర ఈ పొయ్యి కాడ నిలబడు, నేను గూడ పోయి ఆడ కూసుంట."

"మీకెందుకాంటీ, మీ ఇల్లే కదా. మీకన్నీ తెలుసు" అని రొట్టెలు తీసుకుని వెళ్లిపోయింది. ఆ పిల్ల మాటలో కల్మషం లేదు. అందుకే అది మరీ నొప్పి పెట్టింది. స్వరూప గంజి వారుస్తుండగా వసారాలో సారు హాజరు పిలిచాడు. తన పేరు వినబడి, "ఉన్న సార్" అని అరిచింది. ఆ సందడిలో ఎవరికీ వినపడలేదు.

మర్నాడు క్లాసులో హర్షిత రిపోర్టు చదివింది. "ఈ కుటుంబంలో కోడలికి ప్రత్యేకంగా పనులేమీ లేవు. ఖాళీ సమయంలో ఆమె చదువుకుంటున్నారు." అందరూ వెనక్కి తిరిగి, ప్రేమగానే, నవ్వారు. సారు నిన్నటి హాజరులో స్వరూప పేరు పక్కన సున్నా ఉందన్నాడు. "నేను ఆడనే ఉన్న సార్" అంది స్వరూప. "ఇంట్లో ఉన్నారమ్మా, విజిట్‌లో లేరు కదా" అన్నాడాయన.

క్లాసయ్యాక ఆమె బయటికి నడిచింది. ఒళ్లంతా ఇసక మూట మోసినట్టుంది. మానేస్తే? ఎవరూ బతిమాలరు, ఎవరూ తిట్టరు. సాయంత్రం పాలు పితికే వేళకు ఇంట్లో ఉంటే చాలు, అంతా చల్లగా సర్దుకుపోతుంది. ఆ చల్లదనం తలచుకుంటే భయమేసింది. గేటు దాకా వెళ్లింది. ఆటోవాడు పిలిచినా ఎక్కలేదు. వెనక్కి తిరిగి హాస్టల్ వైపు నడిచింది.

వార్డెన్ పద్మజ మేడం మెట్ల మీద కూర్చుని మెస్సుకొచ్చిన కూరగాయలు చూసుకుంటోంది. "రామ్మా స్వరూపా, ఎవరికైనా కూర తెచ్చావా?" అంది.

"లేదు మేడం. నాకు హాస్టల్ల రూము గావాలె."

పద్మజ చేతిలో వంకాయ ఆగిపోయింది. "నీకా? మీవాళ్లకు చెప్పావా?"

"ఇంకా చెప్పలే. అడుగుడు గాదు, ఈ పొద్దు పోయి చెప్త."

"గొడవైతే?"

"అయితది మేడం."

"అది కాదమ్మా, హాస్టల్ దూరం నుంచి వచ్చే పిల్లలకు కదా? ఇక్కడికి మీ ఇల్లెంత దూరమని?"

"మస్తు దూరం మేడం" అంది స్వరూప. "చీకట్ల లేచి బయలెల్లినా, రెండు నెలల సంది ఒక్కనాడు గూడ మొదటి క్లాసుకు అందలే."