ఆరని నిప్పు

మా ఇంట్లో నవంబరు మొదట్లో, సకల పునీతుల పండగ నాడు చలికి వెలిగించిన కట్టెల పొయ్యి ఈస్టర్ వరకు ఆరదు. ఇది మా నాన్న పెట్టిన నియమం, ఆయనకు వాళ్ళ నాన్న పెట్టింది. రెండేళ్ళ క్రితం ముందు గది గోడకు కరెంటుతో నడిచే హీట్ పంపు బిగించాక కూడా నేను దాన్ని వదల్లేదు. పంపు ఇంటిని వెచ్చగా ఉంచుతుంది కాబట్టి, పొయ్యి కూడా బాగా మండితే చెమటలు పట్టేవి. అందుకని పొయ్యికి గాలి అందించే మీటను దాదాపు మూసేసి, రెండు దుంగలు రోజంతా లోలోపల కుమిలేలా పెట్టేవాణ్ణి. నిప్పు ఆరలేదు, కట్టెలూ తరగలేదు. రెండూ దక్కాయని సంతోషించాను.

ఆ రోజు ఫిబ్రవరి రెండు, కొవ్వొత్తుల పండగ. ఆ పండగకు సగం కట్టెలు మిగిలితే చలికాలం గట్టెక్కినట్టే అని మా సెయింట్ జాన్ నది లోయలో అంటారు. నా కొట్టంలో సగం కంటే చాలా ఎక్కువే ఉన్నాయి. మా బండి బ్యాటరీ చచ్చి మూడు రోజులైంది. పొరుగింటి క్లోవిస్ బండిలో పూజకు వెళ్ళి, చర్చి మెట్ల మీద అందరికీ ఆ మాట చెప్పుకున్నాను. క్లోవిస్ రోడ్ల మీది మంచు తోసే లారీ నడుపుతాడు, ఊరి అగ్నిమాపక దళంలో కూడా ఉన్నాడు.

"కట్టెల సంగతి సరేలే అడెలార్. నెల నుంచీ మీ గొట్టంలోంచి నల్ల పొగే వస్తోంది. రోములో కొత్త పోపుగారు కుదిరేదాకా నల్ల పొగే వదులుతారట, మీ ఇంట్లో ఇంకా కుదరలేదా ఏంటి?" అన్నాడు.

"కుదిరితే ముందు నీకే కబురు చేస్తాలే," అన్నాను. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

నా భార్య బెర్నదీన్ పూజకు రాలేదు. క్రిస్మస్‌కు ముందు వాళ్ళమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. తొంభై ఒకటో ఏడు. వంటింటి పక్క గదిలో మంచం వేశాం. ఆమెను ఒంటరిగా వదలడానికి లేదు.

మధ్యాహ్నం రెండింటికి గాలి లేచి, కరెంటు పోయింది. పంపు గొణుగుడు ఆగిపోయింది. బయట సున్నాకు ముప్పై డిగ్రీలు కింద. నేను పూజ నుంచి తెచ్చిన ఆశీర్వదించిన కొవ్వొత్తిని బెర్నదీన్ వెలిగించి కిటికీలో పెట్టింది. గాలివానకైనా మంచు తుఫానుకైనా మేము చేసేది అదే.

"అల్లుడూ, ఆ గోడ మీది దయ్యం నోరు మూసుకుందేం?" లోపలి నుంచి మా అత్తగారు.

"కరెంటు పోయింది అత్తయ్యా."

"అయితే పాతవాణ్ణి లేపు. నా ముక్కు కుక్క ముక్కులా అయింది."

మీట పూర్తిగా తెరిచి, బాగా ఎండిన బర్చ్ దుంగలు నాలుగు వేశాను. నవంబరు నుంచి ఊపిరాడని పొయ్యి ఒక్కసారిగా గాలి పీల్చుకుంది. పది నిమిషాలు బాగానే ఉంది. తరువాత ఒక చప్పుడు మొదలైంది. బరువైన లారీ గుట్ట ఎక్కుతున్నట్టుంది, కానీ ఎంతకీ దాటి వెళ్ళదు. పొయ్యి మీది ఇనుప గొట్టం ముదురు ఎరుపుకు తిరుగుతోంది.

బెర్నదీన్ తడి చేతులతో వచ్చింది. "ఏంటా చప్పుడు?"

"పొగగొట్టం అంటుకుంది."

"అక్టోబరులో తుడిచానన్నావుగా!"

"తుడవలేదు."

"ఎప్పటి నుంచి?"

"పంపు పెట్టినప్పటి నుంచి."

కుమిలే నిప్పు పొగ చల్లని గొట్టంలో తారులా పేరుకుంటుందని మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. మోకాళ్ళ నొప్పులతో నిచ్చెన ఎక్కలేక, ఇంత చిన్న నిప్పుకు మసి ఎంత పడుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

బెర్నదీన్ క్లోవిస్‌కు ఫోన్ చేసి నా చేతికిచ్చింది. లారీ మోతలో అరుస్తున్నాడు. "గాలి మీట మూసెయ్! నీళ్ళు మాత్రం పొయ్యకు, గొట్టం పగిలిపోతుంది. మావాళ్ళని పంపిస్తున్నా. నాకు పాతిక నిమిషాలు పడుతుంది. మేడ మీద గొట్టం వెళ్ళే గోడ మీద అరచెయ్యి ఆన్చు. ఒక మరియమ్మ జపం అయ్యేదాకా ఉంచలేకపోతే ఇంక ఆలోచించొద్దు, ముసలమ్మని తీసుకుని బయటపడు."

"ఈ చలిలో ఆవిడ బతుకుతుందా?"

"లోపల బతుకుతుందా మరి?"

మీట మూసి మేడ ఎక్కాను. గోడ లోపల ఏదో జంతువు గోకుతున్నట్టుంది. చెయ్యి ఆన్చి, "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదలుపెట్టి ఆమెన్ దాకా చదివాను. వేడిగా ఉంది, ఓర్చుకోగలిగాను. అయితే ఎప్పుడూ చదివే వేగంతో చదివానా, భయంలో గబగబా ముగించానా? ప్రార్థనను గడియారంలా వాడితే అది ప్రార్థన అవుతుందా? ఈ సంగతి ఫాదర్‌ని అడగాలని ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

కిందికి వచ్చేసరికి బెర్నదీన్ తల్లికి కోటు తొడుగుతోంది.

"నేను రాను," అంటోంది ముసలావిడ. "పదేళ్ళుగా చావు కోసం చూస్తున్నా. మంచులో గడ్డకట్టుకుని మాత్రం చావను."

"అమ్మా, చెయ్యి ఇటు పెట్టు."

"మీ ఆయన ఇల్లు తగలబెడితే నన్నెందుకే తియ్యడం? వాణ్ణే బయటికి గెంటు!"

రెండోసారి వెళ్ళాను. "పాపాత్ములమైయున్న మా కొరకు" అని జపం చివర్లో వచ్చే చోట చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. బలవంతంగా మళ్ళీ పెట్టాను. ఇంకొంచెం చూద్దాం అనుకున్నాను. ఆ చూద్దాం దేనికో నాకే తెలియదు. మూడోసారి మొదట్లోనే వచ్చే "స్త్రీలలో" అన్న మాట దాటలేకపోయాను. గోడ రంగు పొక్కులు పొక్కులుగా లేచింది.

అత్తగారిని వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి, మూడు బొంతలు చుట్టి, ఇద్దరం మోసుకుని బయటికి వచ్చాం. కొట్టానికి నలభై అడుగులు. గాలి ముఖాన్ని కోసేస్తోంది. మంచులో తొడల దాకా దిగబడుతూ రెండుసార్లు కుర్చీని దించాం. తిరిగి చూస్తే గొట్టం పైనుంచి మనిషి ఎత్తు మంట, పొలం మీదికి ఎగురుతున్న నిప్పురవ్వలు.

కొట్టంలో చచ్చిన బండి ఉంది. అందులోకి ఎక్కించి తలుపు వేశాం. గాలి తగలకపోవడం ఒక్కటే మేలు. సీటు ఇనుములా ఉంది. అత్తగారు గడగడ వణుకుతోంది. బెర్నదీన్ ఆమె మణికట్టు పట్టుకుని, పెదవులు కదుపుతూ, నా వైపు చూడకుండా కూర్చుంది. కొంతసేపటికి వణుకు ఆగింది. హమ్మయ్య, వేడెక్కిందనుకున్నాను. బెర్నదీన్ ముఖం చూశాక అర్థమైంది, వణికే శక్తి కూడా ఆ ఒంట్లో అయిపోయిందని.

"అమ్మా! అమ్మా, మాట్లాడు!"

ఆమె నిద్రలో ఉన్నదానిలా ఏదో గొణిగింది. వాళ్ళాయన పేరది. ఆయన పోయి ముప్పై ఏళ్ళు.

లారీ దీపాలు కొట్టం గోడ మీద పడ్డాయి. క్లోవిస్ ఆమెను బిడ్డలా ఎత్తుకుని తన క్యాబిన్‌లో పడుకోబెట్టాడు. అప్పుడు చూశాను, ఎడమ కాలి చెప్పు లేదు. నలభై అడుగుల దారిలో ఎక్కడో పడిపోయింది. మేజోడు తీస్తే వేళ్ళు మైనంలా ఉన్నాయి.

"రుద్దకు!" అన్నాడు క్లోవిస్. "ఒంటికి ఆన్చుకో."

చొక్కా గుండీలు తెంచుకుని ఆ పాదాన్ని నా చంకలో పెట్టుకున్నాను. ఆసుపత్రికి పన్నెండు మైళ్ళు. మంచును తోసుకుంటూ లారీ మెల్లగా కదిలింది.

సగం దారిలో రేడియో పలికింది. దళం వాళ్ళు ఇంటి దగ్గరికి చేరారు. గొట్టంలో మంట దానంతటదే చచ్చింది. గోడ మాడింది కానీ అంటుకోలేదు. ఇల్లు నిలబడే ఉంది.

ఇంకో పది నిమిషాలు లోపలే ఉంటే సరిపోయేదా? మొదటి జపానికే బయటికి తెచ్చి, చెప్పు చూసుకుని ఉంటే?

"నేనైనా ఆవిణ్ణి బయటికి తీసుకొచ్చేవాణ్ణే," అన్నాడు క్లోవిస్, రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా.

బెర్నదీన్ తల్లి మీద పూర్తిగా వాలిపోయి ఉంది. నేను ప్రార్థించడానికి ప్రయత్నించాను. ఒక్క మాటా రాలేదు. చంకలో ఆ పాదం చేపలా చల్లగా, కదలకుండా ఉంది. అది నాలోని వేడినంతా లాక్కుంటోంది, లాక్కోనీ అనుకున్నాను.

నది వంతెన దాటాక ఆ పాదం చిన్నగా అదిరింది. లారీ కుదుపేమో అనుకున్నాను. మళ్ళీ అదిరింది. తరువాత ముసలావిడ ఒళ్ళంతా పళ్ళు టకటక కొట్టుకునేలా ఊగడం మొదలైంది.

"ఏమైంది?" అని అరిచాడు క్లోవిస్.

"వణుకుతోంది," అంది బెర్నదీన్, ఏడుస్తూ. "మా అమ్మ వణుకుతోంది."

"వణకనీ తల్లీ, వణకనీ," అంటూ క్లోవిస్ లారీ వేగం పెంచాడు.