అంటుపడ్డ కర్ర

పది రోజులకోసారి గుడారం విప్పడం, మంచుబళ్ళకెత్తడం, మళ్ళీ వేయడం అంతా సేవ్నే పనే. ఎక్కడ వేయాలో చెప్పే పెత్తనం మాత్రం మామగారు హసావకోది. జింకలు తోలే పొడుగాటి కర్రను ఆయన మంచులో గుచ్చేవాడు. అడుగున జింకలు మేసే తెల్లనాచు ఉంటే, టీ కాగేలోగా కర్రకు బుల్లి ఆకులు పుట్టేవి. ఉత్తర ధ్రువం దాపున, చెట్టన్నది మోకాలెత్తు కూడా పెరగని ఆ యమల్ నేల మీద అదొక్కటే మనిషిని మించి పచ్చగా నిలబడేది. జింకలు గిట్టలతో మంచు తవ్వుకుని మేసేవి. తర్వాత ఆకులు దులిపేసి, కర్రను బండి మీద పడేసి బయల్దేరేవాళ్ళు.

ఈ చలికాలం కర్ర చిగురించలేదు.

"ఎలా చిగురిస్తుంది? ఆడదాని కాలు దాటిన కర్ర," అనేవాడు హసావకో మజిలీ మజిలీకీ.

దాటిన మాట నిజమే. మంచు పడే ముందు ఒకరోజు, గుడారం కప్పు గాలికి ఎగిరిపోతుంటే పట్టుకోబోయి సేవ్నే చూసుకోకుండా కర్రను దాటేసింది. అప్పుడే కొవ్వు పొగ వేసి మైల తీశారు కూడా. ఆ పొగ ఎవరికీ గుర్తులేదు, ఆమె కాలే గుర్తుంది.

"మావయ్యా, నడిచలికాలంలో వాన పడింది కదా. అది గడ్డకట్టి నాచు మీద మూతేసింది. తూర్పు గుట్టల మీద వాన పడలేదు, అటు వెళ్దాం," అని నెత్తీ నోరూ కొట్టుకుంది సేవ్నే.

"మా తాత నడిచిన దారి ఇది. నువ్వు చెప్పావని మార్చాలా?"

మొగుడు ఎదేకో వంగి బూట్ల తాళ్ళు సవరించుకున్నాడు. ఆ బూట్లు అతనికి కుట్టిపెట్టింది కూడా తనే. ఒక్క మాటైనా సాయం రాడేమని ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఈనడానికి నెల కూడా లేని జింకలు మంచుగడ్డను కొట్టీ కొట్టీ గిట్టలు పగిలి కూలబడుతున్నాయి. ఏడోది చచ్చిన రోజున హసావకో తేల్చేశాడు.

"మీ నాన్న గుడారానికి పో. ఆ కర్ర కూడా పట్టుకుపో. మా బళ్ళ మీద వద్దు."

ఎదేకో మళ్ళీ తాళ్ళు సవరించుకున్నాడు.

కోపంతో ఏడుస్తూనే సేవ్నే తన బండిని తూర్పు గుట్టలకేసి తోలింది. మధ్యాహ్నానికి గుట్టలెక్కి, జింకలను కట్టేయడానికి కర్ర గుచ్చి, టీకి నీళ్ళు పెట్టింది. నీళ్ళు మరగకముందే కర్ర కొసదాకా ఆకులేసింది.

"ఇప్పుడా? ఇన్నాళ్ళూ ఏమైంది నీకు?" అని కసిరింది దాన్ని.

మర్నాటి పొద్దున్నే మంద మొత్తం వచ్చేసింది. గాలిలో నాచు వాసన తగిలి, కుక్కలకు కూడా లొంగకుండా పరుగెత్తుకొచ్చింది. ఆ నేల మీద జింకలెటు పోతే మనుషులూ అటే. వెనకాలే మగాళ్ళిద్దరూ వచ్చారు. బండి మీద వాళ్ళు కట్టిన గుడారం సగం జారి మంచులో ఈడ్చుకుపోతోంది.

హసావకో ఆకులకేసి చూశాడు.

"కర్ర ఇలా ఇవ్వు."

"అంటుపడ్డ కర్ర మావయ్యా. మీరు ముట్టుకోకూడదు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జింకల కడుపులు చూస్తూ, ఆమె ముఖం చూడకుండా అడిగాడు.

"ఇక్కడ అయ్యాక ఎటు పోదాం?"

కోడలిగా వచ్చిన నాలుగేళ్ళలో ఆయన ఆమెను ఆ మాట అడగడం ఇదే మొదటిసారి. ముందు సేవ్నే టీ తాగింది.