తోమని అడుగు

ఆ ఇంట్లో మున్జిర్ వంక పెట్టనిది ఒక్క గిన్నె అడుగుకే. చొక్కా కాలరు మీద మరక, టీలో తగ్గిన చక్కెర, కిటికీ అద్దం మీద దుమ్ము, అన్నీ అతని కంటికి ఆనతాయి. పదిహేను మందికి వండే ఆ పెద్ద అల్యూమినియం గిన్నె మాత్రం అడుగున బొగ్గులా ఉన్నా, "లోపల తోమావుగా, చాల్లే. అడుగెవడు చూస్తాడు?" అనేవాడు. పన్నెండేళ్ళుగా అతని భార్య సౌసన్ దాన్ని జాలి అనుకుంది. ఆ ఇంట్లో ఆమెకు దొరికిన జాలి అంతే మరి, దాన్ని కూడా అనుమానించడానికి మనసొప్పలేదు.

ఇవాళ అనుమానించింది. పై అంతస్తులో ఉమ్ వాయిల్ ఇంట్లో సంతాపం. ఆమెది దారయ్యా అనే ఊరు. పదేళ్ళు పరాయి దేశంలో తలదాచుకుని, నియంత పారిపోయాక తిరిగొస్తే, సొంతింటికి కప్పు లేదు, తలుపుల్లేవు. గోడల్లోని కరెంటు తీగలు కూడా సైనికులు పీక్కుపోయారు. అందుకే ఇక్కడ అద్దెకుంటోంది. అప్పట్లో వాళ్ళు పట్టుకుపోయిన కొడుకు వాయిల్ పేరు నిన్న జైలు కాగితాల్లో దొరికింది. పదకొండేళ్ళ కిందటే పోయాడట. శవం లేకపోయినా వచ్చినవాళ్ళకు భోజనం పెట్టాలి కదా. ప్రతి ఇంటి నుంచీ ఒక గిన్నె పైకి వెళ్తోంది. శనగలు వేసి గోధుమ నూక వండుదామని సౌసన్ పెద్ద గిన్నె దించగానే మున్జిర్ ఫోన్లోంచి తలెత్తాడు.

"అది వద్దు. చిన్నదాంట్లో వండు."

"చిన్నది ఏ మూలకి?"

"చెప్పింది చెయ్యి. మా అమ్మ పెళ్ళినాటి గిన్నె. ఆ ఊరివాళ్ళ చేతిలో పడితే మళ్ళీ వస్తుందా?"

ఏ ఊరని ఎవరడిగారు? గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. అతను బయటికి వెళ్ళగానే ఆమె ఇనుప పీచు తీసుకుని కూర్చుంది. గంట తోమితే మసి వదిలి, అడుగున మేకుతో కొట్టిన మూడు చుక్కలు, వాటి కింద ఒక గీత బయటపడ్డాయి. పెళ్ళిళ్ళకూ చావులకూ గిన్నెలు ఇళ్ళు మారతాయి గనక ఆడవాళ్ళు ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకుంటారు.

ముందుగదిలో అత్తగారు కొత్తిమీర ఒలుస్తోంది.

"అత్తయ్యా, మీ గిన్నెలకు ఏం గుర్తుండేది?"

"పిడి మీద ఆకురాయితో ఒక గాటు. మా వీధి వీధంతా ఎరుగును. నా గిన్నె ఎత్తుకుపోయే మొనగత్తె ఇంకా పుట్టలేదే!"

ఈ గిన్నె పిడి మీద గాటు లేదు. సౌసన్ తడి చేతుల వైపు చూడగానే ముసలావిడ వేళ్ళు ఆగిపోయాయి. "తోమావా?" అంది గొంతు తగ్గించి. "ఇల్లు నిలబడాలంటే ఆడది కొన్ని అడుగులు తోమకూడదే పిల్లా."

అంటే ఈమెకూ తెలుసు. పెళ్ళయిన ఏడు, మున్జిర్ దారయ్యా దారిలో చెక్‌పోస్టులో సైనికుడిగా ఉండగా, ఊరినుంచి అమ్మ సామాను తెచ్చానని మిలిటరీ ట్రక్కులో దింపాడు. ఈ గిన్నె, ఫ్రిజ్, తివాచీ, తను ఇన్నేళ్ళూ అందరి బట్టలూ కుట్టిన మిషను. అన్నమంతా పట్టి చూడాలా, ఒక్క మెతుకు చాలదా? ఒకసారి ఇందులో కూర మాడితే, "మా అమ్మ గిన్నె తగలేశావు" అని వారం రోజులు మాట్లాడలేదు. తను ఏడ్చి క్షమాపణ చెప్పుకుంది. ఎవరి గిన్నె కోసం ఏడ్చింది తను? ఆ మూడు చుక్కలు కొట్టుకున్న ఆడది బతికుందా? ఆమె పొయ్యి మీద ఆ రోజు ఏం ఉడుకుతోందో! సౌసన్‌కు ముందు తన మీద తనకే సిగ్గేసింది. అతని మీద కోపం ఆ తర్వాత వచ్చింది.

చిన్న గిన్నెలో మూడు విడతలుగా వండింది. తోమిన అడుగుకు మసి అంటకుండా, వండిందంతా పెద్ద గిన్నెలోకి ఒంపుకుంది. గుమ్మం దాటుతుంటే మున్జిర్ మెట్ల మీద ఎదురయ్యాడు.

"చిన్నదాంట్లో వండమన్నానా లేదా?"

"అందులోనే వండాను. తప్పుకో."

పైన దారయ్యా ఆడవాళ్ళు గదినిండా ఉన్నారు. అందరి భోజనాలూ అయ్యాయి. సౌసన్ గిన్నె కడిగి తెచ్చి, వాళ్ళ మధ్య బోర్లించింది.

"అమ్మా, ఈ గిన్నె నాది కాదు. ఎవరిదో చూసి చెప్పండి. కింద మా ఇంట్లో ఇంకా ఉన్నాయి, రండి."