చుక్క ఆగిన చోటు

"మందుల షాపు ముందే ఉన్నావుగా, నా మోకాళ్ళ నూనె పట్టుకురా," అంది ఫోనులో అత్తగారు. నిజమే, కోడలు సరిగ్గా మందుల షాపు ముందే నడుస్తోంది. ఎక్కడున్నావని అడిగే రోజులు ఆ ఇంట్లో ఎప్పుడో పోయాయి. "నీ క్షేమం కోసమే" అంటూ మొగుడు ఆమె ఫోనులో లొకేషన్ షేరింగ్ పెట్టినప్పటినుంచీ ఇంటిల్లిపాదికీ ఆమె మ్యాపు మీద కదిలే ఓ నీలం చుక్క. చుక్క లాండ్రీ దాటకముందే ఆడపడుచు ఫోను, పాలబూత్ చేరకముందే మామగారి ఫోను. పొద్దంతా కళ్ళజోళ్ళ షాపులో నిలబడి వచ్చిన కాళ్ళ సంగతి అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మ్యాపులో కాళ్ళు కనపడవు కదా మరి!

మొదట్లో ఒళ్ళు మండేది. పోనుపోను మండటం కూడా మానేసింది. సరే అనడం, సంచీ తెరవడం, మళ్ళీ నడవడం. ఆకలేస్తోందో లేదో కూడా ఒక్కోసారి ఆమెకు తెలిసేది కాదు.

ఆ యాప్‌కి ఓ బుద్ధి ఉంది. మనిషి తరచూ ఆగే చోటు కనిపెట్టి, దానికో పేరు పెట్టమంటుంది. ఓ ఆదివారం మొగుడు ఫోను తెచ్చి ఆమె మొహం ముందు పెట్టాడు.

"రోజూ షాపు నుంచి వస్తూ ఇక్కడ ఆగుతున్నావ్. ఎవరున్నారక్కడ?"

"ఎవరూ లేరు."

"అయితే ఇది అబద్ధం చెబుతోందా?"

అత్తగారు టీవీ సౌండు తగ్గించింది. "తప్పేం లేకపోతే చెప్పేయొచ్చుగా తల్లీ," అంది.

ఏడుపొస్తుందేమో అనుకుంది ఆమె. రాలేదు. కోపమూ రాలేదు. ఆ చోటు కూడా చేజారిపోతుందన్న బెంగ మాత్రం లోపలెక్కడో కదిలింది. తనదంటూ మిగిలింది అదొక్కటే.

"పద, నేనూ చూస్తా," అని అతను బండి తీశాడు. దారి తెలిసిన మనిషి వెనకాలే కూర్చుంటే, దారి ఫోనుని అడిగాడు మహానుభావుడు. ఎడమకు తిరగమంటే తిరిగాడు, కుడికి తిరగమంటే తిరిగాడు. చివరికి ఒక సందులో, గమ్యం చేరుకున్నారని చెప్పి ఫోను ఊరుకుంది.

మూతబడ్డ ప్రింటింగ్ ప్రెస్సు గోడ. దాని పక్కన ఓ సిమెంటు బెంచీ. ఎదురుగా ఇంకో గోడ. అతను బండి దిగి సందు చివరిదాకా వెళ్ళొచ్చాడు. మునివేళ్ళ మీద లేచి గోడ అవతలికి కూడా తొంగిచూశాడు.

"ఏముంది ఇక్కడ?"

"ఏమీ లేదు. అందుకే వస్తాను."

అతను వెనక్కొచ్చి బండి స్టార్ట్ చేశాడు. "పిచ్చేమైనా పట్టిందా? ఎక్కు, ఇంటి దగ్గర బోలెడు పనుంది."

ఆమె వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుంది.

"మీరు వెళ్ళండి. నేనెక్కడున్నానో మీ అందరికీ తెలుసుగా. లేవాలనిపించినప్పుడు వస్తాను."