పన్నెండేసి చొప్పున

పదిహేడో మిషన్ స్విచ్ వేసి, లోపల ఫ్యాన్ చప్పుడు కుదుటపడేదాకా ఆగి, అప్పుడు పద్దెనిమిదో దాని దగ్గరికి వెళ్ళాడు క్రీస్తుదాసు. నలభై మిషన్లూ ఒక్కసారిగా వేస్తే కింద ఫ్యూజు పోతుంది. ఈ సంగతి కాలేజీ మొత్తంలో అతనొక్కడికే తెలుసు. మిగతావాళ్ళు వచ్చేసరికి కంప్యూటర్ ల్యాబ్ వెలుగుతూ ఉంటుంది కనుక తెలుసుకోవలసిన అవసరం వాళ్ళకి రాలేదు. ఇరవై రెండో దాని దగ్గర గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. పొద్దుటినుంచీ ఎడమ జబ్బ లాగుతోంది. పక్క సరిగ్గా పడలేదనుకున్నాడు.

పొట్టి మనిషి. యాభై ఆరేళ్ళు. కళ్ళజోడు కుడి కాడకి నల్ల టేపు చుట్టి ఉంటుంది. జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు, ఒక చిన్న గుడ్డ. ఎన్నో ఏళ్ళుగా మిషన్ల వెనక వంగి వైర్లు బిగించడంతో మెడ కాస్త ముందుకి వాలిపోయింది. ఇవాళ మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దానికో కారణం ఉంది.

ముసునూరు రోడ్డులో మామిడితోట కొట్టేసి కట్టిన ఇంజనీరింగు కాలేజీ ఇది. చెట్లు పోయినా కాలేజీ బ్రోచర్‌లో చెట్లున్నాయి. అందులో పంతొమ్మిదేళ్ళుగా ల్యాబ్ అటెండరు క్రీస్తుదాసు. తుడవడం, బిగించడం అతని పని. ప్రోగ్రాములు చదవడం అతని పని కాదు. కానీ పిల్లలు రాసింది స్క్రీను మీద బిగుసుకుపోయిన ప్రతిసారీ "దాసుగారూ" అనే కేక వినపడుతుంది. మొదట్లో మిషన్ ఆపి మళ్ళీ వేసేవాడు. తర్వాత అసలెందుకు బిగుసుకుందో చూడటం మొదలుపెట్టాడు. లైబ్రరీ వాళ్ళు తూకానికి అమ్మేసే పుస్తకాల్లోంచి కొన్ని అడిగి ఇంటికి తెచ్చుకుని చదివాడు. ఇంటర్ తప్పిన మనిషి అలాంటి పుస్తకాలు చదువుతున్నాడంటే పేటలో నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఇన్‌స్ట్రక్టర్ని చేస్తామని కాలేజీవాళ్ళు ఏటా అంటారు. "వచ్చే జూన్‌లో చూద్దాం దాసూ" అన్న మాట పద్నాలుగుసార్లు విన్నాడు. మొదటి ఐదేళ్ళూ తను అడగలేదు. అరచేతిలో వైకుంఠం చూపించడానికి ఖర్చేముంది? ఈ ఏడు ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ చెప్పడానికి వచ్చిన లావణ్య మేడం మాత్రం పట్టుబట్టి ప్రిన్సిపాల్ని ఒప్పించింది. ఇవాళ పదకొండింటికి క్రీస్తుదాసు డెమో క్లాసు. ప్రిన్సిపాల్‌గారు వచ్చి వెనక కూర్చుంటారు. నచ్చితే జూన్ నుంచి ఇన్‌స్ట్రక్టర్. జీతం సంగతి అతనికి పెద్దగా పట్టలేదు. ఒక్కసారి బోర్డు ముందు నిలబడి, ప్రోగ్రాం ఎందుకు ఆగుతుందో, ఎందుకు ఆగదో తన నోటితో చెప్పాలి. అదీ అతని కోరిక.

పొద్దున ఆ చొక్కా ఇస్త్రీ చేసింది అతని భార్య రిబ్కమ్మ. మామిడికాయల షెడ్డులో కాయలు ఏరే పని ఆమెది. సొన తగిలి వేళ్ళు పొక్కి ఉన్నాయి.

"జబ్బ లాగుతోందంటున్నారు. ముందు నూజివీడు ఆసుపత్రికి పోయి, అప్పుడెళ్ళండి కాలేజీకి."

"పదకొండింటికి క్లాసుంది. అదవగానే పోతాలే."

ఈలోగా ఆమెని తీసుకెళ్ళే షెడ్డు ఆటో వచ్చేసింది.

పదింటికి లావణ్య రెండు టీలు పట్టుకుని ల్యాబ్‌లోకి వచ్చింది. అతను స్టూలు మీద కూర్చుని నుదుటి చెమట తుడుచుకుంటున్నాడు. ఏసీ పక్కన కూర్చున్నవాడికి చెమటేమిటని ఆమెకి తోచలేదు. భయం అనుకుంది.

"టైపులతో మొదలుపెట్టండి దాసుగారూ. టైపంటే మాటివ్వడమని చెప్పండి. సంఖ్య ఇస్తే సంఖ్య తిరిగిస్తానని ఫంక్షన్ ముందే మాటిస్తుంది. తప్పేలా రాస్తే, నడిపేముందు సరిచూసే కంపైలరు ఊరుకోదు."

"ప్రోగ్రాం ఎప్పటికీ ఆగకపోతే ఊరుకుంటుంది కదండీ."

"అంటే?"

"తనని తనే పిలుచుకుంటా కూర్చునే ఫంక్షన్ ఉందనుకోండి. దానికి ఏ టైపు రాసినా ఒప్పేసుకుంటుంది. ఎప్పటికీ ఇవ్వక్కర్లేనోడు ఏదైనా ఇస్తానంటాడండి."

లావణ్య నవ్వబోయి ఆగిపోయింది. టీ కప్పు కింద పెట్టి అంది, "అందుకే కొన్ని ప్రోగ్రాం భాషలు ఆగుతుందని రుజువు చూపిస్తేగానీ ప్రోగ్రాముని తీసుకోవు."

"ప్రతి పిలుపుకీ ఏదో ఒకటి తగ్గుతోందని చూపించాలి. అంతే కదండీ?"

"అంతే. ఇదే చెప్పండి చాలు."

పదకొండయింది. ముప్పై మంది పిల్లలు కూర్చున్నారు. బోర్డు రెండుసార్లు తుడిచాడు. వెనక ప్రిన్సిపాల్ కోసం వేసిన కుషన్ కుర్చీ ఖాళీగా ఉంది. పదకొండుంబావుకి సుద్దముక్క చేతిలో తడిసిపోయింది. పదకొండున్నరకి ప్యూన్ పోతురాజు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"దాసన్నా, సారు బెజవాడ వెళ్ళారు. జూన్‌లో చూద్దామన్నారు."

"సరే" అన్నాడు క్రీస్తుదాసు.

లావణ్య ముఖం ఎర్రబడింది. ఫోను తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. అతనికి దుఃఖం కంటే ముందు సిగ్గేసింది, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చినందుకు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, వేళ్ళు గుడ్డకి తుడుచుకున్నాడు. ఇక ఆసుపత్రికి పోవచ్చు అనుకున్నాడు. అప్పుడే పదిహేడో మిషన్ దగ్గర్నుంచి సింధు పిలిచింది. జి. కొండూరులో మామిడి రైతు కూతురు.

"దాసుగారూ, బిగుసుకుపోయింది."

వెళ్ళి పక్కన కూర్చున్నాడు. కాయలిన్ని అని చెబితే, పెట్టెకి పన్నెండేసి చొప్పున ఎన్ని పెట్టెలవుతాయో లెక్కగట్టే ఫంక్షన్ అది. కాయలు సున్నా అయితే ఆగాలి. కాకపోతే పన్నెండు తీసేసి మళ్ళీ తననే పిలుచుకోవాలి. వంద ఇచ్చింది. అది ఆగలేదు.

అతను సొరుగులోంచి తన డబ్బా తీశాడు. పాత కాఫీపొడి డబ్బా, నిండా చింతగింజలు. ఎవరి ప్రోగ్రాం ఆగకపోయినా ముందు ఈ డబ్బానే బల్ల మీదకొస్తుంది. సరిగ్గా వంద గింజలుంటాయి. ఒకటి పోతే మర్నాడు ఇంట్లో చింతపండు పిసికిన గిన్నెలోంచి తెచ్చి వేసేవాడు.

"తియ్యమ్మా, పన్నెండేసి."

సింధు తీసి కుప్పలు పెట్టింది. ఎనిమిది కుప్పలయ్యాయి.

"ఇంకో పన్నెండు తియ్యి."

"లేవుగా. నాలుగే ఉన్నాయి."

"లేవని నీకు తెలుసు, దానికి తెలీదు. మిషన్‌కి సిగ్గుండదు, లేనిదాంట్లోంచి కూడా తీస్తది. మైనస్ ఎనిమిదయింది. తర్వాత మైనస్ ఇరవై. సున్నా ఎక్కడ తగులుద్ది?"

ఆ పిల్ల స్క్రీను వంకా డబ్బా వంకా చూసింది. "మా తోటలో ఎప్పుడూ మిగలవండి. పెట్టెలు నిండాక ఉన్నవి కోతకొచ్చినోళ్ళకి ఇచ్చేస్తారు నాన్న. అందుకే ఆ ముక్క రాయలేదు."

క్రీస్తుదాసు నవ్వాడు. అతని పెదవులు తెల్లబడి ఉన్నాయి. "మిగిలినవాటి సంగతి కూడా రాయాలమ్మా. పన్నెండుకి తక్కువుంటే ఆగమని రాయి. కొన్ని భాషల్లో ఆ ముక్క టైపులోనే చెప్పొచ్చు. అప్పుడు ఇలాంటిది అసలు రాయనివ్వదు."

తను చెప్పదలచుకున్న క్లాసు అంతే. లేవడానికి బల్ల పట్టుకున్నాడు. మూలన సర్వర్ పక్కనున్న తన స్టూలుదాకా నడిచి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

సింధు ఒక వరుస కలిపి మళ్ళీ నడిపింది. ఈసారి ఆగింది. పెట్టెలు ఎనిమిది, మిగిలినవి నాలుగు. చూపిద్దామని వెనక్కి తిరిగింది. అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు. మధ్యాహ్నం పూట అక్కడ చిన్న కునుకు తీస్తాడని పిల్లలందరికీ తెలుసు. లేపడం ఎందుకులెమ్మని ఊరుకుంది. ఒంటిగంటకి బెల్లు కొడితే అందరూ చప్పుడు చెయ్యకుండా బయటికి నడిచారు.

లావణ్య వచ్చింది. ప్రిన్సిపాల్ ఫోనెత్తి, జూన్ అనే అన్నాడు. ఆ మాట ఎలా చెప్పాలో మెట్ల మీద రెండు మూడు రకాలుగా అనుకుంటూ వచ్చింది.

"దాసుగారూ" అంది. మళ్ళీ అంది. మూడోసారి భుజం మీద చెయ్యి వేసి, తీసేసింది.

రిబ్కమ్మని షెడ్డు నుంచి తీసుకొచ్చారు. చేతుల సొన కడుక్కునే వ్యవధి ఆమెకి దొరకలేదు. ఆ చేతులతో చొక్కా ముట్టుకుంటే మరక పడుతుందని మోచేతులతోనే అతని తల ఒడిలోకి తీసుకుంది. సాయంత్రం పోతురాజు మిషన్లు ఒక్కొక్కటీ ఆపకుండా మెయిన్ స్విచ్ కట్టేసి తాళం వేశాడు. మర్నాడు పొద్దున ఎవరో ఆ మెయినే వేస్తే ఫ్యూజు పోయింది. ల్యాబ్ అంతా చీకటి. ఎలక్ట్రీషియన్ మైలవరం నుంచి రావాలన్నారు.

పదిహేడో మిషన్ పక్కన బల్ల మీద ఎనిమిది కుప్పలూ అలాగే ఉన్నాయి. మూత తీసిన కాఫీపొడి డబ్బాలో అడుగున నాలుగు చింతగింజలు.