గంజి ఆరేలోగా

పడవ సాగుతూనే ఉంది, అయినా గట్టు మీది తాటిచెట్లు వెనక్కి పోవడం లేదు, అవే మూడు చెట్లు మళ్ళీ మళ్ళీ ఎదురొస్తున్నాయి, హెప్సిబా ఒళ్ళో పుస్తకం పెట్టుకుని ఇరవై మూడో అధ్యాయం కోసం పేజీలు తిప్పుతూనే ఉంది. ఇరవై రెండు దొరుకుతోంది, దాని వెనకే పన్నెండు వస్తోంది, ఆ తర్వాత ఎవరి చేతిరాతలోనో రొయ్యల పచ్చడి కొలతలు వస్తున్నాయి. తలెత్తి చూస్తే పడవకి తెరచాపగా కట్టింది చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ. తను గంజిపెట్టి ఇస్త్రీ చేసిందే. మడతల గీతలు నాలుగూ కనబడుతున్నాయి, మూడోది కాస్త వంకర. ఈ గాలికి గుడ్డంతా నలిగిపోతుందే అని ఆమెకి ఒకటే ఆరాటంగా ఉంది.

"ఏమే హెప్సీ, దొరికిందా?"

ఎదురుగా అత్తగారు మార్తమ్మ కూర్చుని ఉంది. ఆవిడ పోయి ఐదు వారాలైందని హెప్సిబాకి తెలుసు, పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకి వచ్చినవాళ్ళందరికీ కాఫీలు కలిపింది తనే, అయినా ఇక్కడ ఆవిడని చూస్తే ఆశ్చర్యం వేయడం లేదు. నుదుటి మీద ఎప్పటిలాగే తలనొప్పి మందు పసుపుపచ్చగా మెరుస్తోంది, ఆ ఘాటు పడవంతా నిండిపోయింది.

"వెతుకుతున్నానండీ అత్తయ్యా. ఇదిగో, ఇప్పుడే."

"ఆ రోజూ ఇట్టాగే అన్నావు."

ఆ రోజంటే మంగళవారం. చూపు మందగించిన అత్తగారికి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈ నవల చదివి వినిపించేది హెప్సిబా. రోజుకి ఒకటే అధ్యాయం, రెండోది లేదు, అది హెప్సిబా పెట్టిన నియమం. చర్చి స్త్రీల సమాజంలో పదహారు మందికీ ఒకటే పుస్తకం, వంతులవారీగా ఇల్లిల్లూ తిరుగుతుంది. నూట నలభై ఏళ్ళ కిందటి కథ. కాలువ ఊళ్ళల్లో సువార్త చెబుతూ తిరిగే రాహేలమ్మ, ఆమెని ఊరూరా దింపే పడవ మనిషి యోనా, అతను ప్రభువుని తెలుసుకునేదాకా పెళ్ళి మాటెత్తొద్దన్న ఆమె, ఏడేళ్ళుగా కాచుకుని ఉన్న అతను. ఆ మంగళవారం మార్తమ్మ "ఇంకొక్కటి చదవవే" అని అడిగింది. ఆ నెల బల్లగుడ్డ ఉతికే వంతు వీళ్ళది. గంజి పూర్తిగా ఆరిపోతే ఇస్త్రీ పడదని, రేపు చదువుతానని చెప్పి హెప్సిబా లేచిపోయింది. తెల్లారేసరికి మార్తమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆ మర్నాటికి లేదు. రెండు అధ్యాయాలు మిగిలిపోయాయి. ఈ గురువారం పుస్తకం సమాజానికి తిరిగిచ్చెయ్యాలి.

"నాకు మార్త అని పేరెట్టారు గానీ," అంటోంది అత్తగారు, "యేసయ్య ఇంటికొచ్చి మాట్లాడతా ఉంటే వంటింట్లోంచి బయటికి రాని ఆ మార్తవి నువ్వేనే తల్లీ."

హెప్సిబాకి చురుక్కుమంటుంది. లేచి నిలబడుతుంది, మళ్ళీ కూర్చుంటుంది. కూర్చుంటే కింద పరిచిన చాప చర్చి చాప అయిపోతుంది, లేస్తే మళ్ళీ పడవ చెక్కలే.

"అయినా అత్తయ్యా, ఆ రాసినావిడకి బొత్తిగా శ్రద్ధ లేదండీ. ఆ కాలంలో పడవ మనిషి చేతికి గడియారం ఎక్కడిది? తొమ్మిదో అధ్యాయంలో గడియారం చూసుకున్నాడట. పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టాను."

"సమాజం పుస్తకంలోనా!"

"చిన్నగానే పెట్టానండీ."

"గడియారం ఉంటే ఏవైందే? అది చూసుకుంటా నిలబడ్డాడా లేదా, అది చెప్పు. మీ మావయ్య చేతికీ ఉండేది గడియారం. నరసాపురం బస్టాండులో నాకోసం పావుగంట ఆగలేకపోయాడు, వచ్చిన బస్సెక్కి చక్కా ఎళ్ళిపోయాడు."

పడవ చివర గెడ వేస్తున్న మనిషి నవ్వుతున్నాడు. అతనికి మొహం లేదు, మణికట్టు మీద గడియారం మాత్రం ఉంది. హెప్సిబా అతని వంక చూడకుండా పేజీలు తిప్పుతుంది. తాటిచెట్లు పోయాయి, గట్టు పొడవునా ఇప్పుడు ఆసుపత్రి వరండా, వరసగా ఇనప మంచాలు, వాటిలో ఒకటి ఖాళీ. పడవ దాని ముందు ఆగుతుందని ఆమెకి అర్థమవుతోంది. ఆగేలోగా చదివెయ్యాలి. ఇరవై మూడు దొరికింది కానీ పేజీలన్నీ గంజితో అట్టకట్టి ఉన్నాయి. గోటితో విడదీయబోతే అంచు చిరుగుతోంది.

"చింపకే. ముగింపు నాకు తెలుసులే."

"మీకెలా తెలుసు?"

"సమాజం సుగుణరత్నం తన వంతయ్యాక ఈ పుస్తకం ఇచ్చెళ్ళడానికొచ్చిన రోజున నువ్వు టీ పెట్టడానికి లోపలికెళ్ళావు. ఆ సందులో ఆవిడ చేత ఆఖరి పేజీ చదివించేసుకున్నా. పెళ్ళవుద్దని తెలిస్తేగాని నేను మొదలెట్టను. ఈ వయసులో ఇంకో ఏడుపు ఎక్కడ మొయ్యను?"

హెప్సిబాకి కోపం వస్తోంది. నెలరోజులుగా గొంతు మార్చి మార్చి, యోనా మాటలు ఒకలా, రాహేలమ్మ మాటలు ఒకలా చదివిందే.

"అన్నీ తెలిసి, యోనా వస్తాడంటావా, వస్తాడంటావా అని రోజూ నన్నెందుకండీ అడిగారు?"

"ప్రభువు మళ్ళా వస్తాడని మనకి తెలీదా? తెలిసే కదే, ప్రతి ఆదివారం ఎప్పుడొస్తావయ్యా అని పాడతన్నాం. తెలీనిదాని కోసం చూస్తే గుండెదడ. తెలిసినదాని కోసం చూడ్డంలోనే ఉంది సుఖం."

"మరి ఆ మంగళవారం ఇంకొక్కటి ఎందుకు అడిగారు? ఎప్పుడూ అడిగేవారు కాదే."

మార్తమ్మ వేలు నుదుటికి రాసుకుని, ఆ వేలితోనే నీళ్ళని తాకుతుంది. నీళ్ళు పసుపుపచ్చగా కొంత దూరం పాకుతాయి.

"మా నాయనమ్మ ఇట్టాంటి పడవలోనే బాప్తిస్మానికి ఎళ్ళిందంట. మిషను రిజిస్టర్లో ఆవిడది ఒక్క వరసే. పేరు, ఊరు, తారీకు. అంతే. ఆవిడ నవ్వితే ఎట్టుండేదో, ఆవిడ కోసం కూడా ఎవరన్నా గట్టు మీద నిలబడ్డారో, ఎవరు రాశారు? నువ్వు చదవతా ఉంటే రాహేలమ్మకి ఆవిడ మొహం పెట్టుకునేదాన్ని. ఆ రోజు మొహం బాగా కనబడింది. ఇంకాసేపు చూద్దామనిపించింది."

ఖాళీ మంచం దగ్గరకొచ్చేసింది. దుప్పటికి కూడా నాలుగు మడతల గీతలున్నాయి.

"నేను చదవలేదు," అంటుంది హెప్సిబా.

"చదవలేదు. గంజి ఆరిపోద్దన్నావు."

అత్తగారి మాటలో నిష్ఠూరం లేదు, ఓదార్పూ లేదు. అదే ఆమెని నిలవనివ్వడం లేదు. ఏదో ఒకటి అనండి అత్తయ్యా, తిట్టండి అని అడగబోతుంది. ఈలోగా మార్తమ్మ ఒడ్డు మీద కాలు పెట్టి, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, వెనక్కి తిరుగుతుంది.

"ఇప్పుడారిందిగా. కూకుని చదువు."

పేజీలు వాటంతటవే విడిపోతున్నాయి. హెప్సిబా మొదటి మాట కోసం నోరు తెరుస్తుంది. పడవ గట్టుకి తగిలి ఒక్క కుదుపు.

మెలకువ వచ్చేసరికి గోడ గడియారంలో మూడవుతోంది. అన్నం తిన్నాక అత్తగారి మంచం పక్క కుర్చీలో అలాగే ఒరిగిపోయింది. పుస్తకం ఒళ్ళోంచి జారి నేల మీద బోర్లా పడి ఉంది. పేజీలు నలిగిపోతాయని గబుక్కున తీసింది. తెరుచుకున్నది ఆఖరి పేజీ. కళ్ళు అక్షరాల మీద పడకుండా మూసెయ్యబోయి ఆగిపోయింది. కింది మూలన, ఎవరో ఇంకాసేపు అలాగే ఉంచమని వేలితో నొక్కిపట్టినట్టు, జిడ్డుగా పసుపుపచ్చని బొటనవేలి ముద్ర. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా ఘాటు.

వెనక్కి తిప్పితే ఇరవై మూడు దాని చోటులోనే ఉంది. కుర్చీని ఖాళీ మంచం వైపు జరుపుకుని, యోనా గొంతు యోనాకీ రాహేలమ్మ గొంతు రాహేలమ్మకీ ఇస్తూ పైకి చదవడం మొదలుపెట్టింది. ఆ అధ్యాయం అయ్యాక ఆగలేదు.