సెలవునాటి బోణీ

పెళ్లయి పదిహేడేళ్లు. ప్రొద్దుటూరు నుంచి గండికోట గంటన్నర దారి కూడా లేదు. అయినా నేను చూడలేదు. బెంగళూరు నుంచి కోట చూడటానికి వచ్చినవాళ్లు తిరుగుదారిలో మా బట్టల అంగడికి వస్తుంటారు. “లోయ మీద సాయంత్రం ఎండ ఎంత బాగుందో కదా” అంటారు. “శానా బాగుంటాది” అంటాను, రోజూ చూస్తున్నట్టు. మా ఆయన పక్కన నిలబడి ఆ ఎండ ఒక్కసారి చూడాలని నా కోరిక. ఈసారీ కాకపోతే ఇక జన్మలో అడగనని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఆదివారం అంగడికి సెలవు. తొమ్మిదింటికే పులిహోర కట్టుకుని కారెక్కాను. మా ఆయన వంశీధర్ నేరుగా తీసుకుపోయి అంగడి ముందు ఆపాడు. షట్టరు సగం ఎత్తాడు.

“బయటికి పోతాండాం కదా ప్రసూనా. ఒక్క బోణీ చేసుకొని పోదాం.”

“సెలవునాడు బోణీ ఏందండీ?”

“సెలవు అంగడికి. లక్ష్మికి కాదు.”

సగం షట్టరు చూసి ఎవరొస్తారు? వచ్చిన ఇద్దరూ తెరిచారా మూశారా అని అడిగి పోయారు. నేనే ఒక జాకెట్టు గుడ్డ కొంటానంటే, ఇంటి మనిషి బోణీ చెల్లదన్నాడు. చివరికి రెండున్నరకు ఒకావిడ వచ్చి, చీరలన్నీ మడతలు విప్పించి, లైనింగు ముక్క ఒకటి తీసుకుపోయింది. ఆయన ముఖం వెలిగిపోయింది. కార్లో పులిహోర పులిసిపోయింది.

దారి పొడుగునా నల్లరేగడిలో శనగ చేలు పచ్చగా ఉన్నాయి. నా కోపం కాస్త దిగింది. జమ్మలమడుగు రాగానే కారు సందులోకి తిరిగింది.

“మన అంగడికి ఎప్పుడూ వచ్చే మసరత్ కూతురి నిఖా దగ్గరికొచ్చింది. ఈడిదాకా వచ్చి పలకరించకుంటే బాగుండదు.”

పలకరించడానికి డిక్కీ ఎందుకు తెరవాలి? అందులో రెండు చీరల మూటలున్నాయి. ఉత్త కారు పోతే దండగట. మసరత్ ఒక్కొక్క చీరా భుజాన వేసుకుని చూస్తూనే, నా ముఖం చూసి నొచ్చుకుంది.

“అక్కను కోటకు తీస్కపో భాయ్. పొద్దు వాలుతాంది.”

“కోట యాడికి పోతాది? ఎన్నో ఏండ్లుగా ఆడనే ఉంది.”

“కోట ఉంటాది. పొద్దు ఉంటాదా?” అన్నాను నేను.

అయిదు నిమిషాలన్నాడు. ఆ అయిదు నిమిషాలు గంటకు పైనే పట్టాయి.

కోట వాకిలి దగ్గర దిగేసరికి అయిదు దాటింది. అక్కడ పెద్దముడియం ఆడవాళ్లు ఒక బస్సు నిండా దిగారు. “ప్రొద్దుటూరు శేటు గదా” అంది ఒకామె. అంతే, డిక్కీ మళ్లీ తెరుచుకుంది.

“నువ్వు పోతా ఉండు. వెనకాలే వస్తా.”

మసీదు దగ్గర ఒకసారి, ధాన్యపు కొట్టు దగ్గర ఒకసారి ఆగి వెనక్కి చూశాను. రాలేదు. బండలెక్కి అంచుకు చేరాక కూడా తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాను. అలా చూస్తుండగానే లోయలో సగం ఎండ పోయింది. ఒళ్లు మండింది, ఆయన మీద కంటే నా మీద నాకే. ఇక వెనక్కి తిరగలేదు.

కింద పెన్న సన్నగా, నల్లగా ఉంది. ఎదుటి గోడ మీద మాత్రం ఎర్రటి ఎండ మెల్లగా పైకి పాకింది. పై బండ మీద కాసేపు నిలిచి, పోయింది. నాకు ఏడుపొచ్చింది. పక్కన ఎవరూ లేనందుకు కాదు. ఎవరూ లేకపోయినా ఇంత సంతోషంగా ఉండొచ్చని ఇన్నేళ్లూ తెలియనందుకు.

చీకటి పడ్డాక ఆయన ఫోను లైటు వేసుకుని రొప్పుతూ వచ్చాడు.

“ఏందే, ఏమీ కనపడ్లేదు. ఎట్లుండింది?”

కూరలో ఉప్పు తగ్గినా ఆయనకు చెప్పే మనిషిని నేను. ఆ పూట కొంగు దులుపుకుని బండ దిగాను.

“చెప్పరాదా? సరేలే, వచ్చే ఆదివారం ఇద్దరం పొద్దుండగానే వద్దాం.”

“మీరు రండి,” అన్నాను కారు వైపు నడుస్తూ, “నేను చూసినాను.”